తూకానికి కొన్న లాడాలు

మార్కాపురం తాలూకాలో గుర్రపు లాడాలను తూకం వేయించి కొన్న మొట్టమొదటి మనిషిని నేనే. నాకు ముందు ఎవరూ కొనలేదు, నా తర్వాత కొన్నవాడు ఉన్నట్టు వినలేదు. త్రాసు కూడా నాయన దుకాణం నుంచి నేనే తెప్పించినాను. సేరుకు ఇంత అని బేరం చేసి, ముల్లు నావైపు మొగ్గేదాకా వదల్లేదు. బజారులో నిలబడి చూసినవాళ్లు "ఇనిస్పెక్టరయినా శెట్టి శెట్టే" అన్నారు. దాన్ని నేను మెప్పు కింద జమ కట్టుకున్నాను. ఆ ఒక్క బేరంతో నాలుగు తాలూకాల్లోకీ మంచి నడక ఉన్న గుర్రాన్ని పాడు చేసినాను. ఇంత చౌకగా ఇంత పెద్ద నష్టం కొన్నవాడు కూడా ఇంకొకడు ఉండడు.

జీపుల్లో, మోటారు సైకిళ్ల మీద తిరిగే ఇప్పటి ఇన్‌స్పెక్టర్లకు ఈ గుర్రం గోల ఏందని అనిపించవచ్చు. మద్రాసు సర్కారు నాళ్లలో రెవిన్యూ ఇన్‌స్పెక్టరుకు గుర్రం ఉండి తీరాల. జీతంతో పాటు గుర్రానికి అలవెన్సు ఇచ్చేవాళ్లు. గుర్రం లేనివాణ్ణి, ఉన్నా ఎక్కలేనివాణ్ణి తాలూకా కచేరీలో నకళ్లు రాసే బల్ల దగ్గరికి వెనక్కు పంపేసేవాళ్లు. ఆ బల్ల దగ్గర నేను ఏళ్ల తరబడి కూర్చున్నాను. పక్కన కూర్చునే గుమాస్తా పొద్దస్తమానం ముక్కుపొడుం పీల్చి నా కాగితాల మీద తుమ్మేవాడు. మళ్లీ ఆ తుమ్ముల కిందికి పోవడమంటే నాకు చావుతో సమానం.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చిన్నప్పుడు దుకాణంలో బెల్లం బస్తాలు దించుతూ పడి నడుము చెడగొట్టుకున్నాను. మామూలు గుర్రం మీద కూర్చుంటే, అది వేసే ప్రతి అడుగుకూ నడుములో మేకు దిగినట్టు ఉండేది. గుర్రం ఎక్కాల, ఎగరగూడదు. అట్లాంటి గుర్రం ఎక్కడ దొరుకుతుంది?

గిద్దలూరులో దొరికింది. అక్కడ ఒక ముసలి హకీం ఉండేవాడు. మోకాళ్లు పట్టేసి గుర్రం ఎక్కలేక అమ్ముతున్నాడని తెలిసి రైలెక్కి పోయినాను. బూడిద రంగు ఆడగుర్రం, పొట్టిది, కడుపు కిందికి జారింది, ఒక చెవి వంగిపోయింది. చూడగానే నాకు సంతోషమయింది. సరుకు వికారంగా ఉంటే ధర దిగుతుంది.

హకీం ఇద్దరి సాయంతో దాని మీదికి ఎక్కి వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చినాడు. వస్తూ వస్తూ, గుర్రం జోరుగా నడుస్తుండగానే, జేబులోంచి సుర్మా బరిణె తీసి, సలాకతో ఒక కంటికి పెట్టుకున్నాడు. రెండో కంటికి కూడా పెట్టుకున్నాడు. చెయ్యి వణకలేదు, చెంపకు మరక కాలేదు.

దాన్నే రవాలు నడక అంటారు. ఒక పక్క కాళ్లు రెండూ ఒకదాని వెంబడి ఒకటి కదులుతాయి. నాలుగు గిట్టలూ వేరువేరుగా, సమానంగా, టకటకటకటక నేలను తాకుతాయి. ఎప్పుడూ ఏదో ఒక కాలు కింద ఆని ఉంటుంది కాబట్టి మీద కూర్చున్నవాడు ఎగరడు. మామూలు గుర్రాలు పోయేది దుల్కీ. అందులో ముందుకాలు ఒక పక్కది, వెనక్కాలు రెండో పక్కది జతగా లేస్తాయి, జతగా దిగుతాయి. ఆ రెండు దిగడాల మధ్య గుర్రం గాల్లో ఉంటుంది, దాంతో పాటు మనమూ. రవాలు కొన్ని గుర్రాలకు పుట్టుకతో వస్తుంది. ఈ గుర్రానికి తల్లి కడుపులోనే వచ్చిందని హకీం గొప్పగా చెప్పుకున్నాడు.

పొద్దున మొదలుపెట్టిన బేరం మధ్యాహ్నం నమాజు దాకా సాగింది. వంగిన చెవికి కొంత, జారిన కడుపుకు కొంత తగ్గించినాను. చివరికి తొంభై రూపాయలకు దిగినాడు. పగ్గం నా చేతిలో పెడుతూ అన్నాడు: "రెండు మాటలు, నాయనా. దీనికి పల్చని లాడాలే కొట్టించు, కాళ్లకు బరువు కట్టొద్దు. ఇంకొకటి, ఎవరి చేతా దీనికి ఏమీ నేర్పించొద్దు. వచ్చింది చాలు."

నేను తల ఊపినాను. కానీ దుకాణంలో పెరిగినవాడికి ఒక జబ్బు ఉంటుంది. బేరం అయిపోయిన తర్వాత ఊరికే కలిపి ఇచ్చేదాన్ని కొసరు అంటాం. మా నాయన కొసరు కింద వేసేది ఎప్పుడూ డబ్బా అడుగున మిగిలిన నలిగిన పప్పే. కొసరులో మంచి సరుకు ఉంటుందని నమ్మే శెట్టి కొడుకు ఇంతవరకు పుట్టలేదు. హకీం మాటలను కూడా ఆ లెక్కలోనే వేసినాను.

తర్వాతి రోజులు నా ఉద్యోగంలో బంగారం. మా ఊరి రాతిపలక ఒకటి తాడుతో మెడకు తగిలించుకుని, తర్లుపాడు నుంచి కొనకనమిట్ల దాకా, అటు యర్రగొండపాలెం దాకా పొలాల గట్ల మీద పోతూ, గుర్రం మీదే రాసుకునేవాణ్ణి: ఏ సర్వే నంబరులో ఏం పైరు, ఎంత ఎండింది, ఎంత నిలిచింది. చావడి చేరేసరికి పలక నిండేది, అక్కడ కూర్చుని కాగితం మీదికి ఎక్కించుకోవడమే. పలక మీది నా అక్షరాలు బల్ల మీద రాసినట్టు గుండ్రంగా వచ్చేవి. మిగతా ఇన్‌స్పెక్టర్లు గుర్రం దిగి, నడుము పట్టుకుని, గుర్తున్నంత రాసుకునేవాళ్లు. వాళ్ల ముందు పలక చూపించకుండా ఉండేంత పెద్దమనిషిని కాను.

ఒక్కటే బాధ. మా వైపు కంకర దారులకు పల్చని లాడాలు తొందరగా అరిగిపోయేవి. కొత్తవి వేయించిన ప్రతిసారీ నా ప్రాణం ఉసూరుమనేది. మార్కాపురంలో లాడాలు కొట్టే సాయెబు దగ్గర ఒకరోజు మూలన మందపాటి లాడాలు కుప్పగా కనపడినాయి.

"ఇవి ఏందివి, సాయెబూ?"

"మిలిటరీ వేలంలో తెచ్చినా, సాబ్. ఫిరంగి బండ్లు లాగే గుర్రాలవి. మన గుర్రాలకు పనికిరావు."

"అరుగుతాయా?"

"ఇవి అరగాలంటే మీరు పింఛన్ తీసుకోవాల."

ఆ మాటతో నా బుద్ధి చెడింది. జతకు ఎంత అంటే చెప్పలేడు, ఎవరూ కొనలేదు కాబట్టి ధర లేదు. అప్పుడు తట్టింది నాకు తూకం సంగతి. పాత ఇనుము ధరకు అడిగినాను. పల్చని జత ధరలోనే మూడింతల ఇనుము! ఎవడు వదులుతాడు?

సాయెబు గొణిగినాడు, ఆ మాట వాస్తవం. "సాబ్, ముందు గిట్టలకు అంచు కోసి ఎట్లనో సరిపెడతా. వెనక గిట్టలు చిన్నవి, వాటికి పాతవే ఉండనీ. కానీ ముందు బరువు, వెనక తేలిక..."

"నడిచేది గుర్రమా, నువ్వా?" అన్నాను. అక్కడ నిలబడినవాళ్లు నవ్వినారు. నవ్వించినందుకు నాకు ఇంకా హుషారొచ్చింది.

కొత్త లాడాలతో బజారులోకి వచ్చేసరికి గుర్రం ముందుకాళ్లు మోకాలెత్తున లేపుతున్నది. బరువు కట్టిన కాలు తేలిగ్గా జారదు, ఎత్తి వేయాల. అంగళ్ల ముందు కూర్చున్నవాళ్లు లేచి నిలబడినారు. "అబ్బ, దొరల గుర్రం లెక్క ఏం ఎత్తుతున్నదిరా!" అన్నాడొకడు. నాకు ఛాతీ పొంగింది. ఊరు దాటి దారిన పడినాక మొదటి పోటు నడుములో దిగింది. ముందుకాలు ఆలస్యంగా లేచి ఆలస్యంగా దిగుతున్నది, వెనక్కాలు ఎప్పటిలాగే వచ్చేస్తున్నది. నాలుగు దెబ్బల సమానం పోయి, రెండు రెండుగా జతపడుతున్నది. అంటే దుల్కీ. అది కూడా సరైన దుల్కీ కాదు.

ఆ సాయంత్రం పలక చూసి మా ఇంటావిడ అడిగింది: "ఏందండీ ఇది? కోడి గెలికినట్టు ఉంది."

"కొత్త లాడాలు. అలవాటు కావాల."

"మీకా, ఆ మహాతల్లికా?"

"ఇద్దరికీ."

"పాతవి కొట్టించండి మళ్లీ."

"కొన్నవి ఏం చేసుకోను? తూకానికి తెచ్చినాను!"

ఆమె దండెం మీది బట్టలు తీసుకుని లోపలికి పోయింది. ఆ పోవడంలో ఎన్ని మాటలున్నాయో మీకు పెళ్లయితే తెలుస్తుంది.

అప్పుడైనా ఆగిపోవాల్సింది. ఆగినవాణ్ణయితే ఈ కథ ఎందుకు రాస్తాను? సాయెబు దగ్గరికి పోయి గోల చేసినాను. ఆయన తన బామ్మర్దిని చూపించినాడు. ఆ బామ్మర్ది మిలిటరీ గుర్రపు దళంలో, అంటే రిసాలాలో, సవారుగా చేసి వచ్చినవాడు, మీసం చెవుల దాకా ఉంది, మాటంతా హుకుమే. గుర్రాన్ని ఒక చుట్టు నడిపించి తీర్పు చెప్పినాడు.

"ఇది గుర్రం నడకే కాదు, సాబ్. ఒంటె నడక. రిసాలాలో ఇట్లాంటిదాన్ని గేటు లోపలికి రానీయరు. నెల రోజులు నాకు ఇడిసిపెట్టండి, అసలైన దుల్కీ నేర్పిస్తా."

"దుల్కీలో నా నడుము ఏం కావాల?"

"మీకు కూసోవడం రాదు. గుర్రం లేచినప్పుడు మీరు లేవాల, దిగినప్పుడు దిగాల. అది వస్తే నడుముకేం కాదు."

ఆ మాటలో నాకు ఇంకో లాభం కనిపించింది. గుర్రానికీ నాకూ కలిపి ఒకటే కూలి అని పట్టుబట్టినాను. అతడు మీసం తిప్పుకుంటూ చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. ఇద్దరికి నేర్పించి ఒకరి కూలి ఇస్తున్నానని ఆ పొద్దు అన్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

ఊరి బయట మైదానంలో వెదురుబొంగులు వరసగా పరిచి, వాటి మీదుగా గుర్రాన్ని నడిపించేవాడు. బొంగు తగలకూడదంటే కాలు ఎత్తాల. రవాలులోకి జారిందా, కళ్లెం లాగి, జబ్బ మీద బెత్తంతో తట్టి మళ్లీ మొదలు. నన్ను ఎక్కించి "లే! కూసో! లే! కూసో!" అని అరిచేవాడు. ఏ అరుపు గుర్రానికో, ఏది నాకో తెలిసేది కాదు. పలకలు తయారుచేసే పనివాళ్లు పని వదిలి వచ్చి చూసేవాళ్లు. వాళ్లలో ఒక పెద్దాయన "అయ్యా, మీ ఇద్దరిలో ఎవరు ముందు పాసవుతారు?" అని అడిగినాడు.

గుర్రం పాసయింది. నేను ఫెయిలయినాను. ఒకటే కూలి అన్నాను కదా, ఒకరికే వచ్చింది.

అంతటితో ఆగినా బాగుండేది. దానికి దుల్కీ వచ్చింది, రవాలు పూర్తిగా పోలేదు. నాలుగడుగులు పాత నడక వేస్తుంది, ఏదో గుర్తొచ్చినట్టు ఉలిక్కిపడి కొత్త నడకకు మారుతుంది, మళ్లీ పాతది. ఆ మార్పులో ఒక కాలు ఇంకో కాలును తన్నుకుంటుంది. చెవి వంగినదైనా దాని మొహంలో ఎప్పుడూ ఒక ధీమా ఉండేది. అది పోయింది. దారి చూడడం మానేసి తన కాళ్లవైపే చూసుకునేది.

ఆ స్థితిలో తాసిల్దారు ఆజమాయిషీకి వచ్చినాడు. ఎండిన పైర్లను స్వయంగా చూసి, నా లెక్కలతో సరిపోల్చుకోవడానికి యర్రగొండపాలెం వైపు బయల్దేరినాడు. ఆయనది ఎత్తు గుర్రం. వెనక నేను. నల్లమల అంచున రాళ్ల వాలు దిగుతున్నాం. నా గుర్రం నడక మార్చింది. వెనక గిట్ట ముందుకు దూసుకొచ్చి, ఇంకా లేవని ముందుకాలి బరువు లాడం మడమను తొక్కింది. లాడం ఊడింది. ఊరికే ఊడలేదు, గిట్ట అంచు ఒక ముక్కతో సహా. గుర్రం మోకాళ్ల మీద పడింది. నేను దాని మెడ మీదుగా పోయి పలక మీద పడినాను. పలక నాలుగు ముక్కలయింది.

తాసిల్దారు గుర్రం తిప్పుకుని వచ్చి పైనుంచి చూసినాడు. "దెబ్బ తగిలిందా?"

"లేదండీ."

"నిన్ను అడగలేదు, శెట్టీ. గుర్రాన్ని అడిగినాను."

గుర్రం ముందుకాలు ఆనించకుండా నిలబడి వణుకుతున్నది. గిట్ట పక్కన రక్తం. ఆయన దిగి లాడం చేతిలోకి తీసుకుని బరువు చూసినాడు. ఏందిది అన్నట్టు నావైపు చూసినాడు. చెప్పినాను, తూకం సంగతితో సహా. ఎందుకు చెప్పినానో తెలియదు. అబద్ధం చెప్పడానికి కూడా నడుములో కొంచెం బలం ఉండాల.

"ఏడాది శిస్తు లెక్కలు చూసే జమాబందీ లోపల ఈ గుర్రం మీద కూర్చుని నా ముందు నడిచి చూపించు. లేదంటే నీ పాత బల్ల ఖాళీగానే ఉంది" అని చెప్పి పోయినాడు. యర్రగొండపాలెందాకా గుర్రాన్ని నడిపించుకుంటూ, జీను నా భుజాన వేసుకుని పోయినాను. దారిలో కట్టెలు మోసుకొస్తున్న అవ్వ ఒకామె ఆగి చూసి "నాయనా, అది నిన్ను మోయాలనా, నువ్వు దాన్ని మోయాలనా?" అంది. జీను ఇంకో భుజానికి మార్చుకున్నాను. 

మార్కాపురం వచ్చి సాయెబు మీద విరుచుకుపడినాను. ఆయన ఎదురు తిరిగి నిలబడినాడు.

"మీరు అడిగినారు, నేను కొట్టినా. తూకం ఎవరు ఎయించినారు? నేనా?"

"నీ బామ్మర్ది..."

"ఇద్దరికీ ఒకటే కూలి ఇచ్చినారు సాబ్. ఆయన ఇంకా నాతో మాట్లాడడంలా."

కోపం ఎవరిమీద పడాలో తెలియక గిద్దలూరు రైలెక్కినాను. హకీం మంచం మీద కూర్చుని ఉన్నాడు. జరిగిందంతా విన్నాడు. వింటూ వింటూ చేతిలో ఉన్న రోలు పొత్రం పక్కన పెట్టేసినాడు, తనే దాన్ని నా మీద విసురుతానేమోనని భయపడినట్టు.

"నేను చెప్పలేదా?"

"చెప్పినారు."

"మరి?"

"ఊరికే చెప్పినారు కదా, చిచ్చా."

ఆయన నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "పది రూపాయలు అడిగి ఉంటే?"

"తప్పకుండా పాటించేవాణ్ణి."

"అల్లా!" అన్నాడు. తర్వాత చాలాసేపు నన్ను, నా నాయనను, త్రాసు కనిపెట్టినవాణ్ణి ఉర్దూలో తిట్టినాడు. తిట్లయిపోయినాక చెప్పినాడు: ఇనుమంతా పీకేయి. గిట్ట పెరిగేదాకా ఎక్కొద్దు. ఇసకలో నడిపించు, పగ్గం వదులుగా పట్టుకో, ఏమీ అనకు. దానంతట అది ఎట్ల నడిస్తే అట్ల నడవనీ. వస్తే వస్తుంది.

"రాకపోతే?"

"నువ్వు శెట్టివి కదా. నష్టం రాసుకో."

ఆ ఎండాకాలం నా కిందున్న ఊళ్లన్నీ, అంటే నా ఫిర్కా అంతా, కాలినడకన తిరిగినాను, పక్కన గుర్రం ఖాళీ వీపుతో. దారి చుట్టు తిరిగినా గుండ్లకమ్మ ఏటి ఇసక మీదుగానే పోయేవాణ్ణి. కొనకనమిట్ల చావడిలో కూర్చున్న రైతులు లేచి దండం పెట్టి, "అయ్యా, అలవెన్సు తమరికి వస్తుందా, గుర్రానికి వస్తుందా?" అని అడిగేవాళ్లు. నా చెప్పులు అరిగినాయి. వాటికి మందపాటి లాడాలు వేయించమని మా ఇంటావిడ సలహా ఇచ్చింది.

కానీ ఒక విచిత్రం. పక్కన నడిస్తే తెలిసినంతగా మీద కూర్చుంటే నాకు ఎప్పుడూ తెలియలేదు. మొదట్లో ఇసకలో కూడా తడబడేది, తన కాళ్లనే చూసుకునేది. గిట్ట పెరుగుతూ వచ్చింది. ఒకనాడు ఏటి మధ్యలో పోతుండగా, నేను సరుకుల ధరలేవో నాలో నేను లెక్కపెట్టుకుంటుంటే, చెవిలో ఒక చప్పుడు పడింది. మెత్తగా, ఇసకలో కూరుకుపోతూ, నాలుగు, నాలుగు, నాలుగు. గుర్రం తలెత్తి ఎదురుగా చూస్తున్నది. నేను ఏమీ విననట్టు నడిచినాను. నా వల్ల మళ్లీ చెడుతుందేమోనని అటువైపు చూడను కూడా చూడలేదు.

జమాబందీకి ముందు పల్చని లాడాలు కొట్టించి, కొత్త పలక మెడకు తగిలించుకుని తాసిల్దారు ముందు ఎక్కినాను. తర్లుపాడు దారిలో సగం ఏటి ఇసక, సగం కంకర. ఇసకలో హకీం సుర్మా పెట్టుకున్న నడకే. కంకర మీదికి రాగానే, బరువు లాడాలతో దెబ్బలు తిన్నది ఆ గట్టి నేల మీదే కాబట్టి, ఉలిక్కిపడి దుల్కీ అందుకుంది. నేను పళ్లు బిగించుకుని రాసినాను. తాసిల్దారు పలక అడిగి తీసుకున్నాడు. పైన సగం గుండ్రంగా ఉంది, కింద సగం గెలికినట్టుంది.

"పైసగం ఇన్‌స్పెక్టరు, కింద సగం శెట్టి" అన్నాడు. "సరే, ఇసక ఉన్న ఫిర్కా కాబట్టి బతికిపోయినావు. ఉండు."

ఉన్నాను. కానీ ఆ తర్వాత కంకర దారి వచ్చిన ప్రతిచోటా దిగి నడిచినాను. గుర్రం మళ్లీ ఇసక చేరేదాకా నేను పలక పట్టుకుని పక్కనే. ఎన్నేళ్లయినా ఆ దుల్కీ దాని కాళ్లలోంచి పూర్తిగా పోలేదు. నేర్పించడానికి ఒక నెల పట్టింది. మాన్పించడానికి నా సర్వీసు చాలలేదు.

కచేరీలోకి ప్రమోషన్ వచ్చినప్పుడు గుర్రాన్ని అమ్మకానికి పెట్టినాను. నా స్థానంలో వచ్చిన కుర్ర ఇన్‌స్పెక్టరు చూడడానికి వచ్చినాడు. ఏటిలో ఒక్క చుట్టు తిప్పి చూపించి ఉంటే వంద దాటించేవాణ్ణి. నాలోని దుకాణం "ఇసక, ఇసక" అని పోరు పెట్టింది. ముందు కంకర మీదికే తీసుకుపోయి ఎక్కించినాను. ఆయన ఎగిరెగిరి పడి, మొహం మాడ్చుకుని దిగినాడు. తర్వాత ఏటిలోకి దించినాను. దిగినాక కూడా ఆయన పగ్గం వదల్లేదు.

"ఎంత, అన్నా?"

చీటీ రాసి ఇచ్చినాను. గుర్రం, డెబ్బై రూపాయలు. పల్చని లాడాలే కొట్టించాల, ఎవరి చేతా ఏమీ నేర్పించగూడదు అన్న సలహా, ఇరవై రూపాయలు.

"సలహాకు డబ్బులేంది అన్నా? అది ఊరికే చెప్పేది కదా!"

"గుర్రం మీద ఎంతైనా బేరమాడు, తగ్గిస్తాను. దాని మీద అణా కూడా తగ్గను."

చాలాసేపు గింజుకున్నాడు. గుర్రం అరవై అయింది. సలహా ఇరవై ఇరవైగానే నిలిచింది. తొంభైకి కొని ఎనభైకి అమ్మినాను. బరువు లాడాలు, సవారు కూలి, రెండు పలకలు, ఒక వేసవి చెప్పులు వేరే. గుర్రం వైపు ఖాతాలో ఒక గిట్ట ముక్క, కంకర దారుల మీది నడక మొత్తం. వాటికి ధర కట్టడం నాకు చేతకాలేదు, గీత గీసి వదిలేసినాను. కొత్త ఇన్‌స్పెక్టరు ఆ ఇరవై మాత్రం విడిగా తీసి, ఒక్కొక్క నోటునూ రెండుసార్లు చూసుకుని, కడుపు మండిపోతూ నా చేతిలో పెట్టినాడు. ఆ మొహం చూసినాక గుర్రం గురించి నాకు బెంగ లేకపోయింది.